గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత మాత్రలు ఒంటికి పడతాయా?

కొద్ది వారాల్లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకోబోతున్నానని, ప్రస్తుతం థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్, మధుమేహానికి నెమ్మదిగా విడుదలయ్యే మెట్‌ఫార్మిన్, డిప్రెషన్‌కు సెర్ట్రలీన్, వీటితోపాటు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు ఐబుప్రోఫెన్ వేసుకుంటానని మీరు రాశారు. ఆపరేషన్ తర్వాత మందు సగమే ఒంటికి పడుతుందని ఎవరో చెప్పారని, కాబట్టి అన్నిటి మోతాదూ రెట్టింపు చేసుకోవాలా అని అడిగారు. ఇటువంటి శస్త్రచికిత్సలు చేయించుకున్నవారి మందుల చీటీలను సరిచూసే ఫార్మసిస్ట్‌గా చాలా కాలంగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త విపులంగానే రాస్తున్నాను. ముందుగా సూటిగా జవాబు చెబుతాను: దేని మోతాదునూ మీ అంతట మీరు రెట్టింపు చేయవద్దు. మీ అయిదు మందుల్లో ఒకదాని మోతాదు రానురాను తగ్గే అవకాశమే ఎక్కువ. ఒకదాని రూపం మార్చాలి. ఒకటి ఆపరేషన్‌కు ముందే వేరే పద్ధతికి మారాలి. ఒకటి ఇక మీదట అసలు వాడకూడదు. మిగిలిన ఒక్క దాని విషయంలో మాత్రమే మీ భయానికి గట్టి ఆధారం ఉంది, అక్కడ కూడా జవాబు రెట్టింపు కాదు.

సగం లెక్కకు మూలం బహుశా పాత కాలపు ఆపరేషన్లు. 1950లలో మొదలైన జెజునోఇలియల్ బైపాస్‌లో చిన్నపేగులో అత్యధిక భాగాన్ని పక్కకు తప్పించి, ఆహారం నడిచే దారిని సుమారు అర మీటరుకు కుదించేవారు. ఆ రోగుల్లో పోషకాలూ మందులూ రెండూ విపరీతంగా వృథా అయ్యేవి. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడంతో వైద్యలోకం ఆ ఆపరేషన్‌నే వదిలేసింది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్, దాని నుంచి కాలక్రమంలో రూపుదిద్దుకున్న నేటి పద్ధతి వేరు. ఇందులో జీర్ణాశయం పైభాగాన్ని దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం, సుమారు 25 సెంటీమీటర్ల ఆంత్రమూలం (చిన్నపేగు తొలి భాగం), దాని తర్వాతి పేగులో కొంత భాగం ఆహారం దారి నుంచి తప్పుకుంటాయి. పైత్యరసం, క్లోమరసం ఆ పక్కదారిలో వచ్చి, ఆహారం ఒక మీటరు, ఒకటిన్నర మీటరు దూరం నడిచాక దానితో కలుస్తాయి. చిన్నపేగు సగటున ఆరు మీటర్ల పొడవుంటుంది. అందులో అత్యధిక భాగం మీకు పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి ఎంత పేగు పోయిందన్నది అసలు ప్రశ్న కాదు. మందు తన ప్రయాణంలో ఏ మెట్టు దగ్గర ఏం కోల్పోతోంది, ఏ మెట్టు దగ్గర ఏం లాభపడుతోంది అన్నదే చూసుకోవాలి.

మాత్ర రక్తంలోకి చేరాలంటే ముందు అది విచ్చుకోవాలి, తర్వాత కరగాలి, ఆ తర్వాత పేగు గోడను దాటాలి, చివరకు పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉన్న ఎంజైముల చేతిలో విరిగిపోకుండా మిగలాలి. బైపాస్ ఈ నాలుగు మెట్లనూ తాకుతుంది, అయితే అన్నిటినీ ఒకే దిశలో కాదు.

కరగడం సంగతి ముందు చూద్దాం. ఆమ్లాన్ని తయారుచేసే కణాలు ఎక్కువగా వేరుచేసిన జీర్ణాశయంలోనే ఉండిపోతాయి. పైన మిగిలిన చిన్న సంచిలో ఆమ్లం చాలా తక్కువ. దానికి తోడు, కుట్టు దగ్గర పుండు పడకుండా ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు ఆమ్లాన్ని అణిచే మందు కూడా ఇస్తారు. ఆమ్లంలోనే బాగా కరిగే మందులకు ఇది నేరుగా దెబ్బ. కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ వంటి ఫంగస్ మందులు, హెచ్‌ఐవీకి వాడే అటాజనవీర్, రిల్పివిరిన్, కొన్ని రకాల క్యాన్సర్ మాత్రలు, ఇనుము, కాల్షియం కార్బొనేట్ అన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఈ ఆపరేషన్ల తర్వాత కాల్షియం కార్బొనేట్ బదులు కాల్షియం సిట్రేట్ రాయడానికి కారణం కూడా ఇదే, సిట్రేట్ కరగడానికి ఆమ్లంతో పనిలేదు. ఇక కొవ్వులో కరిగే స్వభావమున్న మందులకు పైత్యరసం తోడు కావాలి. ఆ తోడు ఇప్పుడు ఆలస్యంగా దొరుకుతుంది కాబట్టి సైక్లోస్పోరిన్ వంటి వాటి శోషణ, అంటే ఒంటికి పట్టడం, తగ్గుతుంది. అవయవమార్పిడి చేయించుకున్నవారికి బైపాస్ తర్వాత టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ మోతాదులు సాధారణం కన్నా ఎక్కువగా అవసరం కావచ్చు. వారి విషయంలో రక్తంలో మందు స్థాయి కొలవకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

ఎంజైముల దగ్గర దిశ మారుతుంది. చాలా మందులను విరగ్గొట్టే సీవైపీ 3ఏ4 అనే ఎంజైము చిన్నపేగు తొలి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఆ తొలి భాగాన్ని తప్పించి వెళ్లిన మందు కొన్నిసార్లు మునుపటికన్నా ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. నార్వే పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో పన్నెండు మంది రోగులు బైపాస్‌కు ముందూ తర్వాతా కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్‌ను అదే మోతాదులో వాడారు. కొందరిలో రక్తానికి చేరిన మందు దాదాపు మూడో వంతుకు పడిపోయింది, కొందరిలో రెట్టింపుకు మించి పెరిగింది. ఆపరేషన్ అదే, మాత్ర అదే, మనుషులు మాత్రమే వేరు. ఈ ఫలితాన్ని నేను పదేపదే తలచుకుంటాను, ఎందుకంటే అందరికీ సరిపోయే ఒక గుణకం కోసం వెతికేవారికి ఇంతకన్నా స్పష్టమైన సమాధానం మరొకటి లేదు.

వేగం గురించి కూడా చెప్పాలి. చిన్న సంచికి కింద మూసి తెరిచే కవాటం ఉండదు, అందులో పడినది నిమిషాల్లో పేగులోకి జారిపోతుంది. అందువల్ల త్వరగా కరిగే మందులు మునుపటికన్నా త్వరగా, ఎత్తైన శిఖరంతో రక్తంలో కనిపిస్తాయి. పారాసిటమాల్ విషయంలో ఇది హాని లేని సంగతి. నోటితో తీసుకునే మార్ఫిన్ విషయంలో అలా కాదు. బైపాస్ చేయించుకున్నవారిలో దాని శిఖరం ఆపరేషన్‌కు ముందుకన్నా చాలా త్వరగా, చాలా ఎక్కువ ఎత్తుకు చేరుతుందని తేలింది కాబట్టి, శస్త్రచికిత్స తర్వాత మొదటి రోజుల్లో నొప్పి తగ్గలేదని మరో మోతాదు వేసుకోవడానికి తొందరపడకూడదు. నిద్రమాత్రలు, మత్తునిచ్చే ఇతర మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మద్యం కూడా ఈ జాబితాలోదే. కొద్ది మొత్తమే చాలా వేగంగా ఎక్కుతుంది. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లకు మద్యానికి బానిస అయ్యే ప్రమాదం పెరుగుతుందన్నది బాగా నమోదైన విషయం, దీన్ని రోగులకు చెప్పకుండా పంపించడం నాకు బాధ కలిగిస్తుంది.

మీ మందుల్లో మెట్‌ఫార్మిన్ దగ్గర రెండు విషయాలున్నాయి. మొదటిది రూపం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు చాలా గంటలపాటు పేగులో ప్రయాణిస్తూ మందును కొద్దికొద్దిగా వదిలేలా తయారవుతాయి. దారి మారి, ప్రయాణకాలం మారినప్పుడు అవి మొత్తం మందును వదలకముందే పెద్దపేగును చేరే అవకాశం ఉంది. పైగా మొదటి వారాల్లో అంత పెద్ద మాత్ర చిన్న సంచి ముఖద్వారం దగ్గర ఇరుక్కోవచ్చు. అలాగని వాటిని నలిపి వేసుకోకూడదు, ఎందుకంటే రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. సరైన పని ఏమిటంటే, వెంటనే విడుదలయ్యే మాత్రకో ద్రవరూపానికో మార్పించుకుని, రోజువారీ మోతాదును రెండు మూడు భాగాలు చేసుకోవడం. అయితే ప్రతి నెమ్మది మాత్రా విఫలమవుతుందని అనుకోవద్దు. డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్ నెమ్మది మాత్రను బైపాస్‌కు ముందూ తర్వాతా పరిశీలించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మార్చడం మంచిదన్న నియమం జాగ్రత్త కోసం పెట్టుకున్నది, ప్రకృతి ధర్మం కాదు.

రెండవది, మెట్‌ఫార్మిన్ శోషణ బైపాస్ తర్వాత తగ్గదు, పెరుగుతుంది. కెనడాలో జరిగి 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, బైపాస్ అయినవారిలో ఈ మందు ఒంటికి పట్టే నిష్పత్తి ఆపరేషన్ లేనివారికన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి తోడు, ఈ ఆపరేషన్ తర్వాత రక్తంలో చక్కెర బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే దిగి వస్తుంది. శోషణ పెరిగి, అవసరం తగ్గుతున్న చోట మోతాదు రెట్టింపు చేయడం ఎంత తలకిందుల పనో మీకే అర్థమవుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం తక్కువే. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారికి మాత్రం ఆపరేషన్ రోజు నుంచే మోతాదు తగ్గించకపోతే ప్రాణాపాయం. మధుమేహానికే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందే వాటిని ఆపాలి, లేకపోతే ఉపవాస స్థితిలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. మీకు ఇవి లేవు, అయినా ఇదే పరిస్థితిలో ఉన్న మరొకరు ఇది చదవవచ్చు కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు సెర్ట్రలీన్. మీ భయానికి ఆధారం ఉందన్నది దీని గురించే. 2012లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో బైపాస్ అయిన అయిదుగురిని, కానివారు అయిదుగురిని పోల్చి చూస్తే, మొదటి జట్టు రక్తంలోకి చేరిన సెర్ట్రలీన్ రెండో జట్టులో చేరినదానికి దాదాపు 40 శాతమే. మరో డిప్రెషన్ మందు డులోక్సెటిన్‌తో చేసిన ఇలాంటి పోలికలో అది 58 శాతం. ఇంకో పరిశోధనలో ఈ తరహా మందులు వాడుతున్న పన్నెండు మందిని ఆపరేషన్‌కు ముందు నుంచి ఏడాది దాకా గమనించారు. వారిలో ఎనిమిది మందికి మొదటి నెలలో మందు స్థాయి సగటున ముందున్న దానిలో 54 శాతానికి పడిపోయింది, ఆరు నెలలు గడిచేసరికి కొందరిలో తిరిగి పూర్వస్థితికో అంతకు పైకో వచ్చింది. గమనించవలసిన మాట ఇదే: మొదటి నెలలో పడింది శాశ్వతంగా పడలేదు. మొదటి నెలలో చూసి రెట్టింపు చేసిన మోతాదు ఆరో నెలకు అవసరానికి మించి పోవచ్చు.

ఈ మందు విషయంలో చిక్కు ఏమిటంటే, రక్తంలో స్థాయి తగ్గిందని మామూలు పరీక్షలో తెలియదు. నిద్ర చెడడం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం వంటి లక్షణాలను ఆపరేషన్ అలసట కిందో, సరిగా తినలేకపోవడం కిందో లెక్కకట్టి వదిలేస్తారు. ఆపరేషన్‌కు ముందే మీ మానసిక వైద్యుణ్ని కలిసి, మొదటి మూడు నెలలూ రెండు వారాలకొకసారి మాట్లాడేలా ఏర్పాటు చేసుకోండి. డిప్రెషన్ తీవ్రతను అంకెల్లో చెప్పే చిన్న ప్రశ్నావళులు వారి దగ్గర ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు ఒకసారి నింపి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి వీలవుతుంది. ఇంట్లో మీతో ఉండేవారికి కూడా ఏం గమనించాలో చెప్పి ఉంచండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి తోచినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు వైద్యుణ్ని సంప్రదించండి. అవసరమైతే మోతాదు పెంచే నిర్ణయం వారు తీసుకుంటారు, పెంచినది ఎప్పుడు తగ్గించాలో కూడా వారే చూస్తారు.

ఇక్కడ నేను అన్ని మందులకూ వర్తింపజేసే ఒక ప్రశ్న చెప్పాలి. ఈ మందు సరిగా పట్టకపోతే ఆ సంగతి మనకు ఎలా తెలుస్తుంది, తెలిసేసరికి ఎంత నష్టం జరిగి ఉంటుంది? రక్తపోటు మందు పట్టకపోతే యంత్రం ఆ రోజే చెబుతుంది. థైరాయిడ్ మందు పట్టకపోతే కొన్ని వారాల్లో రక్తపరీక్ష చెబుతుంది, ఈలోగా జరిగే నష్టం సరిదిద్దుకోదగినదే. ఇటువంటి మందులను కొలుస్తూ కొనసాగించవచ్చు. గర్భనిరోధక మాత్ర పట్టలేదని మాత్రం గర్భం వచ్చాకే తెలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర పట్టలేదని పక్షవాతం వచ్చాక తెలియవచ్చు. కొలిచే వీలులేక, తప్పితే భారీ మూల్యం చెల్లించవలసిన మందులకు నోటి దారినే వదిలి వేరే దారి చూడడం మేలు. శోషణ గురించిన పరిశోధనలు చాలావరకు పదీ ఇరవై మందిపై చేసినవి, ఒకదానితో ఒకటి పొసగనివి కూడా ఉన్నాయి. అటువంటప్పుడు మీ ఒక్కరి శరీరంలో ఏం జరుగుతుందో అవి ముందే చెప్పలేవు, ఈ ప్రశ్న మాత్రం ప్రతిసారీ పనికివస్తుంది.

ఆ లెక్కన మీ గర్భనిరోధక మాత్రలను కొనసాగించవద్దు. బైపాస్, అంతకన్నా పెద్దదైన డుయోడినల్ స్విచ్ వంటి ఆపరేషన్ల తర్వాత నోటి మాత్రలపై ఆధారపడవద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాల సలహా. శోషణ తగ్గవచ్చన్నది ఒక కారణమైతే, మొదటి నెలల్లో తరచుగా వచ్చే వాంతులు, విరేచనాలు మరో కారణం. ఇంకొక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు: బరువు తగ్గేకొద్దీ నెలసరి క్రమపడి, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏళ్ల తరబడి గర్భం రాదనుకున్నవారికి కూడా వస్తుంది. మరోవైపు ఆపరేషన్ తర్వాత కనీసం 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దని శస్త్రవైద్యులు చెబుతారు, ఎందుకంటే తల్లికే పోషకాలు చాలని కాలమది. కాబట్టి గర్భాశయంలో అమర్చే కాపర్ లేక హార్మోన్ సాధనం, లేదా చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ మీకు తగినవి. ఇవి పేగుతో నిమిత్తం లేకుండా పనిచేస్తాయి. మీవి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలైతే, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల, శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే వాటిని ఆపమని మీ బృందం చెప్పవచ్చు. అందుకే ఈ మార్పును ఈ వారంలోనే స్త్రీవైద్య నిపుణులతో మాట్లాడి మొదలుపెట్టండి, ఆపరేషన్ అయ్యాక చూద్దామనుకోవద్దు.

ఐబుప్రోఫెన్ సంగతి శోషణకు సంబంధించినది కాదు, అయినా అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది. బైపాస్ తర్వాత జీర్ణసంచికీ పేగుకూ మధ్య కుట్టిన చోట పుండు పడడం తెలిసిన ప్రమాదం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి మందులు, పొగతాగడం దానికి ప్రధాన కారణాలు. ఆ పుండు నుంచి రక్తం కారవచ్చు, అక్కడ చిల్లుపడవచ్చు. ఈ నిషేధం జీవితాంతం ఉంటుంది. మోకాళ్లకు పారాసిటమాల్, పైన రాసుకునే మందులు, వ్యాయామ చికిత్స చూడండి, బరువు తగ్గడంతోనే మోకాళ్ల నొప్పి కూడా చాలావరకు తగ్గుతుంది. జలుబు మాత్రల్లో ఐబుప్రోఫెన్ కలిసి ఉండడం మామూలే కాబట్టి అట్టమీది పేర్లు చదివే అలవాటు చేసుకోండి. ఎముకల బలానికి వారానికొకసారి మింగే అలెండ్రోనేట్ వంటి మాత్రలు కూడా ఇదే కారణంగా వద్దు. అవసరమైతే అవి ఇంజెక్షన్ రూపంలో దొరుకుతాయి.

ఒకవేళ పుండు పడితే, ఆమ్లాన్ని అణిచే క్యాప్సూల్‌ను తెరిచి లోపలి గుళికలను తీసుకోమని వైద్యులు చెప్పడానికి మంచి ఆధారం ఉంది. క్యాప్సూల్ కరగకముందే చిన్న సంచిని దాటిపోతుందన్న ఆలోచనతో చేసిన ఒక పోలికలో, తెరిచి తీసుకున్నవారి పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 91 రోజులు, మూసి ఉన్నది మింగినవారికి 342 రోజులు. మందు అదే, రూపం మారితే ఫలితం ఎంత మారుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ గుళికలను నమలకూడదు, నలపకూడదు. తెరవకూడని క్యాప్సూళ్లు కూడా ఉన్నాయి. రక్తం పలచబరిచే డాబిగాట్రాన్‌ను తెరిస్తే రక్తంలోకి చేరే మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది.

లెవోథైరాక్సిన్ గురించి మీరు అంతగా ఆందోళన పడనక్కరలేదు. దాని శోషణ ఎక్కువగా చిన్నపేగు మధ్య, చివరి భాగాల్లో జరుగుతుంది, అవి మీకు మిగిలే ఉంటాయి. మాత్ర కరగడానికి ఆమ్లం కొంత తోడ్పడుతుంది కాబట్టి కొందరిలో శోషణ తగ్గవచ్చు, అటువంటివారికి ద్రవరూపం పనికివస్తుంది. అయితే దీని అవసరం శరీర బరువును బట్టి ఉంటుంది కాబట్టి, బరువు దిగేకొద్దీ చాలామందికి మోతాదు తగ్గించవలసి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు థైరాయిడ్ స్థితిని చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఒకటి, తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకటి, బరువు నిలకడ అయ్యేదాకా రెండు మూడు నెలలకొకటి చాలు. మందు మార్చిన వారానికే పరీక్ష చేయిస్తే అంకె నిజం చెప్పదు, ఎందుకంటే ఈ హార్మోన్ సగం ఖర్చు కావడానికే దాదాపు వారం పడుతుంది.

థైరాయిడ్ మందుకు అసలు శత్రువు ఆపరేషన్ కన్నా ఆపరేషన్ తర్వాత మీకు రాసే విటమిన్లూ ఖనిజాలే. కాల్షియం, ఇనుము రెండూ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసి కదలనివ్వవు. ఈ మందుకూ వాటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాల్షియానికీ ఇనుముకూ మధ్య రెండు గంటలు ఉండాలి. కాల్షియం రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు కావాలి, ఒక్కసారికి 500, 600కు మించి ఒంటికి పట్టదు, కాబట్టి దాన్నే రెండు మూడు సార్లుగా తీసుకోవాలి. నెలసరి ఉన్న స్త్రీలకు ఇనుము రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఇవన్నీ కాగితం మీద పెట్టేసరికి రోజులో చోటు చాలదు. చాలామంది విసిగిపోయి అన్నీ కలిపి మింగేస్తారు, అక్కడే మందు పట్టడం మానేస్తుంది, నింద మాత్రం ఆపరేషన్ మీద పడుతుంది. నేను ఎక్కువమందికి సూచించే క్రమం ఇది: తెల్లవారగానే ఖాళీ కడుపున థైరాక్సిన్, నాలుగైదు గంటల తర్వాత కాల్షియం, మధ్యాహ్నం దాటాక ఇనుము, సాయంత్రం మళ్లీ కాల్షియం. ఉదయం కుదరనివారు చివరి భోజనం తర్వాత మూడు నాలుగు గంటలు ఆగి, పడుకునే ముందు థైరాక్సిన్ వేసుకోవచ్చు. అప్పుడు సాయంత్రపు కాల్షియాన్ని ఆ నాలుగు గంటల ఎడం మిగిలేలా ఇంకా పెందలాడే వేసుకోవాలి. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ పాటించండి, లేకపోతే పరీక్షలో అంకె మారినప్పుడు కారణం ఎవరికీ తెలియదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లను కూడా కాల్షియం, ఇనుము ఇలాగే పట్టేస్తాయి, ఎప్పుడైనా రాసినప్పుడు గుర్తుంచుకోండి. బి12 మరో దారిలో వెళ్తుంది. జీర్ణాశయంలో తయారయ్యే ఒక ప్రోటీన్ తోడు దొరక్కపోతే అది సరిగా ఒంటికి పట్టదు కాబట్టి, రోజూ పెద్ద మోతాదు మాత్ర గానీ నెలకొక 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ గానీ జీవితాంతం కావాలి. మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుంది, మీ విషయంలో ఈ రెండూ కలుస్తున్నాయి.

మీ జాబితాలో లేని మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికి మొదటి వారాల్లో తక్కువ మోతాదు సరిపోతుంది, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్షను తరచుగా చూస్తే చాలు, అది కొలవగలిగిన మందు. ఇదే పనికి వాడే రివరోక్సబాన్ వంటి కొత్త మాత్రల విషయంలో, ఆపరేషన్ తర్వాత కనీసం మొదటి నాలుగు వారాలు ఇంజెక్షన్లతో నడిపి, ఆ తర్వాతే మాత్ర గురించి ఆలోచించి, వీలైతే రక్తంలో స్థాయి కొలవాలన్నది రక్తనిపుణుల సలహా. మానసిక వ్యాధికి లిథియం వాడేవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి, రక్తంలో దాని స్థాయి తగ్గదు, పెరుగుతుంది. నీళ్లు తక్కువ తాగడం, ఉప్పు తక్కువ తినడం, వాంతులు కలిసి లిథియాన్ని విషస్థాయికి చేర్చిన సందర్భాలు వైద్యపత్రికల్లో ఉన్నాయి. మొదటి వారాల్లో వారం వారం పరీక్ష అవసరం. మూర్ఛ మందుల స్థాయిలను ఆపరేషన్‌కు ముందే ఒకసారి కొలిపించి పెట్టుకోవాలి.

బరువు తగ్గించే మరో ఆపరేషన్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో దాదాపు ముప్పావు భాగం తీసేస్తారు గానీ పేగు దారి మారదు, అందువల్ల శోషణలో మార్పులు సాధారణంగా తక్కువ. డుయోడినల్ స్విచ్‌లో మార్పులు అన్నిటికన్నా ఎక్కువ. మీకు తెలిసినవారి అనుభవం స్లీవ్‌కు సంబంధించినదైతే దాన్ని మీకు అన్వయించుకోవద్దు. కాలం కూడా లెక్కలోకి వస్తుంది. మొదటి రెండు మూడు నెలల్లో శోషణ, వాంతులు, ఆహారం మార్పుల ప్రభావం. ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా బరువు దిగడం, కాలేయంలో కొవ్వు తగ్గి ఎంజైములు చురుగ్గా మారడం వంటి కారణాలు ముందుకొస్తాయి. అందువల్ల మూడో నెలలో కుదిరిన మోతాదు పన్నెండో నెలలో కుదరకపోవచ్చు.

ద్రవరూపం మందులకు మారేటప్పుడు చక్కెర పాకం ఎక్కువగా ఉన్న సిరప్‌లు వద్దు. అవి పేగులోకి ఒక్కసారిగా జారి గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలతో డంపింగ్ అనే స్థితిని తెస్తాయి. చక్కెర బదులు సార్బిటాల్ వాడిన సిరప్‌లు కూడా కొందరికి విరేచనాలు తెస్తాయి. ఏ మాత్రను నలపవచ్చో, ఏది నలపకూడదో ఫార్మసిస్ట్‌ను అడిగి ఒక్కొక్కదాని పక్కనా రాయించుకోండి.

ఆపరేషన్‌కు ముందు చేయించవలసినవి మీ విషయంలో టీఎస్‌హెచ్, మూడు నెలల చక్కెర సగటు, బి12, ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్, విటమిన్ డి, డిప్రెషన్ ప్రశ్నావళి. వీటి కాగితాలు దగ్గర ఉంచుకోండి. శస్త్రచికిత్స తర్వాత డిశ్చార్జి పత్రంతో పాటు ఆపరేషన్ వివరాల నకలు కూడా అడిగి తీసుకోండి. ఏ రకం బైపాస్ చేశారో, పేగులో ఏ భాగం ఎన్ని సెంటీమీటర్లు తప్పించారో అందులో ఉంటుంది. మరెప్పుడో, మరో ఆసుపత్రిలో, మీ చరిత్ర తెలియని వైద్యుడు కొత్త మాత్ర రాసేటప్పుడు ఆయనకు ముందుగా చూపించవలసిన కాగితం అదే.